కట్టేసిన శ్రోత

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ రోజు స్టేజీ ఎక్కిన కుక్క మాది కాదు. కచేరీ వీధిలో వకీలు గారిది. ఊళ్లో కొందరికి ఇప్పటికీ అనుమానం తీరలేదు కాబట్టి చెబుతున్నాను.

మా చిలకంపేట మునిసిపల్ చైర్మన్ గారికి పౌరసన్మానం జరుగుతోంది. సన్మానాలు మా ఊరికి కొత్త కాదు. కొత్త బోరింగు వేస్తే సన్మానం, పాత బోరింగు బాగుచేస్తే సన్మానం, ఏదీ చెయ్యకపోతే ఆయన ఓర్పుకి సన్మానం. సరిగ్గా శాలువా కప్పే వేళకి వకీలు గారి కుక్క గేటు సందులోంచి బయటపడి, జనం మధ్యలోంచి తాపీగా నడిచొచ్చి, స్టేజీ ఎక్కి చైర్మన్ గారి ముందు నిలబడింది. ఫొటోగ్రాఫరు నొక్కేశాడు. మర్నాడు పేపర్లో కుక్క మొహం నిండుగా పడింది. దాని రెండు చెవుల మధ్యనుంచి శాలువా అంచు కనిపించింది. చైర్మన్ గారు ఎక్కడున్నారో వేలు పెట్టి చూపిస్తే గాని తెలియదు. కాఫీ హోటల్లో ఆ పేపరు చేతులు మారీ మారీ మడతల దగ్గర చిరిగిపోయింది.

వారం తిరక్కుండా కౌన్సిల్ తీర్మానం చేసింది. "పురపాలక సంఘ పరిధిలోని సమస్త పెంపుడు శునకములను యజమానులు తమ గృహావరణమునందే నిర్బంధించి ఉంచవలెను. విడిచిపెట్టుట శిక్షార్హము." వీధి కుక్కల ఊసు అందులో లేదు. వాటికి యజమాని లేడు కాబట్టి నోటీసు ఎవరికిచ్చేది?

గేట్లు పడ్డాయి. గొలుసులు పడ్డాయి. రోజూ పొద్దున్నే యజమాని వెంట ఊరంతా తిరిగొచ్చే కుక్కలు ఇంట్లోనే ఉండిపోయి ఒకదాని గొంతు విని ఒకటి ఊళలు మొదలుపెట్టాయి. అప్పుడు మా ఊరి జంతుప్రేమికుల సంఘం రంగంలోకి దిగింది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి తప్ప వేరే సభ్యులు లేని సంఘం అది. వినోదం లేని నిర్బంధం క్రూరత్వం అని వాళ్లు అర్జీ పెట్టారు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. క్రూరుడు అనిపించుకోవడం చైర్మన్ గారికి ఇష్టం లేదు. "అయితే వినోదం కూడా కలిగించండి" అన్నారాయన.

కలిగించడం ఎలా అన్నదానిమీద కౌన్సిల్లో పొద్దుపోయేదాకా చర్చ జరిగిందట. బంతి విసరాలని ఒకరన్నారు. విసిరేది ఏ గ్రేడు ఉద్యోగి, తెచ్చి ఇవ్వకపోతే బాధ్యత ఎవరిది అని ఇంకొకరు అడిగారు. ఎముక ఇద్దామంటే శాకాహారి అయిన నాలుగో వార్డు సభ్యురాలు వాకౌట్ చేస్తానన్నారు. చివరికి, అసలు మన సంఘం రికార్డుల్లో వినోదం అనే పద్దు కింద ఇన్నాళ్లూ ఏం చేశామో చూడమన్నారు చైర్మన్ గారు. చూశారు. మునిసిపాలిటీ పుట్టిన దగ్గర్నుంచీ ఆ పద్దు కింద ఒక్కటే ఉంది. సభ.

అంతే, సవరణ వచ్చేసింది. కుక్క ఉన్న ప్రతి ఇంట్లో ప్రతి ఆదివారం కుక్క సమక్షంలో వినోద సభ జరగాలి. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, ముఖ్య అతిథి ప్రసంగం, వందన సమర్పణ ఉండాలి. శునకము ఆద్యంతము హాజరు కావలెను. నవ్వొచ్చినవాళ్లు నవ్వుకున్నారు గాని, ఇది మా ఊళ్లో ఎవరికీ మరీ వింతగా అనిపించలేదు. మాకూ చిన్నప్పట్నుంచి వినోదమంటే మైకు ముందు ఎవరో ఒకరు నిలబడ్డమే.

ఇక మా సంగతి. నాకు మెయిన్ రోడ్డులో ఫ్యాన్లు, మిక్సీలు అమ్మే షాపు ఉంది. నా పేరు పానకాలరావు. మా ఆవిడ సామ్రాజ్యం. మా కుక్క బొబ్బట్టు. పెనం మీద కాస్త ఎక్కువసేపు ఉండిపోయిన బొబ్బట్టు రంగులో ఉంటుందని మా ఆవిడ పెట్టిన పేరు. వర్షంలో తడిసి మా షాపు మెట్ల కింద వణుకుతున్న పిల్లని ఆవిడే చీర కొంగులో చుట్టి ఇంటికి తెచ్చింది. కడుపు జబ్బు చేసి మూడొంతులు పోయిందనుకున్నప్పుడు దూదితో గంజి పిండి బతికించింది. అప్పట్నుంచీ ఇంట్లో మొదటి ముద్ద దానిది, తర్వాతది నాది. నేను దీనిమీద ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. చేసినా వినేవాళ్లు లేరు.

మొదటి ఆదివారానికి ముందే దైవాధీనం గారు తనిఖీకి వచ్చారు. నిన్నటిదాకా ఆయన శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు శునక వినోదాధికారి. ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకు తెలియదు గాని, జేబులో పెన్ను ఉన్నంతసేపూ ఆయన నోటీసు బోర్డులాగే మాట్లాడతారు.

"ఈ శునకమునకు ప్రస్తుతము ఏ విధమైన వినోదము కల్పించబడుచున్నదమ్మా?" అన్నారు.

"దానికేం లోటండీ" అంది సామ్రాజ్యం. "కొబ్బరి డొక్క ఇస్తే పీచు పీక్కుంటూ కూచుంటది. ఈయన చిరిగిన సాక్సులో రొట్టెముక్క పెట్టి ముడేసి పడేస్తే మధ్యాహ్నం దాకా దాంతోనే కుస్తీ. సాయంత్రం పెరట్లో నేనూ అదీ దాగుడుమూతలు ఆడుకుంటాం."

"తమరు కూడా దాగుదురా?"

"నీళ్ల డ్రమ్ము వెనకాల. వాసన పట్టేస్తదనుకోండి, అయినా దొరకనట్టు కాసేపు అటూ ఇటూ తిరుగుద్ది. నా సరదా కోసం."

దైవాధీనం గారు అదంతా రాసుకుని, అడ్డంగా గీత కొట్టేశారు. "అది ఆట. వినోదము కాదు. ఆట అనునది జీవి తనంతట తాను ఆడుకొనునది. వినోదము సంఘము కలుగజేయునది."

"ఏది నచ్చిందో దాన్నే అడిగితే పోలా?"

"నచ్చుటను గూర్చి సర్క్యులరులో ప్రస్తావన లేదమ్మా."

ఆదివారం మా వరండాలో బ్యానరు కట్టారు. "కుమారి బొబ్బట్టు గారి ప్రథమ వినోద సభ" అని. బొబ్బట్టుని కిటికీ ఊచకి గొలుసుతో కట్టి, ముందు వరసలో దుప్పటి పరిచి కూచోబెట్టాం. జ్యోతి ప్రజ్వలన రెండుసార్లు చెయ్యాల్సొచ్చింది. మొదటిసారి వెలిగించబోయేలోపే అది కుందిలో నెయ్యి నాకేసింది. పక్కింటి లలితాంబ ప్రార్థన గీతం అందుకుంటే బొబ్బట్టు కూడా మెడ పైకెత్తి శ్రుతి కలిపింది. దైవాధీనం గారు దాన్ని "భాగస్వామ్యము" అని నోట్ చేసుకున్నారు.

ముఖ్య అతిథి హరనాథ కవి గారు. ఇరిగేషన్ లో పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నప్పుడే "కాలవ కావ్యం" మొదలుపెట్టారు. లాకుల దగ్గర పుట్టి సముద్రంలో కలిసేదాకా తూముకొక సర్గ. చెడ్డ మనిషి కాదు. కావ్యమూ మరీ చెడ్డది కాదేమో, నాకు తెలియదు, ఎందుకంటే ఊళ్లో ఎవరూ రెండో తూము దాటి విన్నవాళ్లు లేరు. మావాళ్లు సభకెళితే ముందు చెప్పులు ఎక్కడున్నాయో చూసుకుని మరీ కూచుంటారు. కవి గారు కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెడితే వెనక వరస లేస్తుంది. తుడుచుకోవడం పూర్తయ్యేసరికి ముందు వరస లేస్తుంది.

ఆ రోజూ అంతే. లలితాంబకి పాలు పొంగుతున్నాయని గుర్తొచ్చింది. దైవాధీనం గారికి ఇంకో తనిఖీ ఉంది. నేను కాఫీ పెట్టిస్తానని వంటింట్లోకి వెళ్లాను. మిగిలింది బొబ్బట్టు. దానికీ వెళ్లాలనే ఉంది గాని గొలుసు ఉంది. అది ఒకసారి గొలుసు చూసుకుని, ఒకసారి కవి గారిని చూసి, తల ఓ పక్కకి వంచి కూచుంది.

కాఫీ తీసుకుని నేను తిరిగొచ్చేసరికి కవి గారు మూడో తూములో ఉన్నారు. కళ్లజోడు కింద నీళ్లు కారుతున్నాయి. "పానకాలరావు గారూ, ఇన్నేళ్లకి నన్ను పూర్తిగా విన్న ప్రాణి ఇదొక్కటేనండీ" అన్నారు. తల వంచి వింటోందండీ, తల వంచి, అని రెండుసార్లు చెప్పారు. నాకూ జాలేసింది. మళ్లీ వచ్చే ఆదివారం రండి అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

హరనాథ కవి గారు ఊరంతా చెప్పారు. లేచి వెళ్లని శ్రోతలు ఉన్నారని తెలిశాక ఊళ్లోని వక్తలందరికీ ప్రాణం లేచొచ్చింది. చదువు చెప్పి రిటైరైన లెక్చరర్లు, ఓడిపోయిన వార్డు సభ్యులు, వ్యక్తిత్వ వికాసం గురించి చెప్పేవాళ్లు, అందరూ కుక్కలున్న ఇళ్ల ముందు వరస కట్టారు. ఆదివారం చాలక బుధవారం కలిపారు, తర్వాత అన్ని వారాలూ కలిపారు. కుక్కలు లేనివాళ్లు ఇంటికి పెద్దమనుషులు రావడం లేదని నామోషీ పడి కుక్కపిల్లల్ని తెచ్చుకున్నారు. "చిలకంపేటలో సాంస్కృతిక వసంతం" అని పేపర్లో పడింది. శ్రోతల హాజరు నూటికి నూరు శాతం అని కూడా పడింది. రాష్ట్రంలో ఇంకెక్కడా లేదని చైర్మన్ గారు మురిసిపోయి, సభలకి హాజరయ్యే కుక్కలకి మెళ్లో వేసుకోవడానికి సంఘం ముద్రతో ఇత్తడి బిల్లలు చేయించారు. బొబ్బట్టుకి "శ్రవణ శిరోమణి" బిరుదు ఇచ్చి శాలువా కప్పారు. శాలువా మెత్తగా ఉందని అది దానిమీదే పడుకునేది. ఆ సన్మానం మొత్తంలో దానికి నచ్చింది అదొక్కటే.

బొబ్బట్టుకి గిరాకీ ఎక్కువ. మిగతా కుక్కలు ఎటో చూస్తాయి, ఇది తల వంచి చూస్తుంది. పొద్దున్నే వ్యక్తిత్వ వికాసం, మధ్యాహ్నం ఓడిపోయిన అభ్యర్థి, సాయంత్రం కాలవ కావ్యం. రెండు నెలల్లో కుక్క మారిపోయింది. కొబ్బరి డొక్క ఎదురుగా పెట్టినా ముట్టుకోదు. తెల్ల లాల్చీ కనిపిస్తే మంచం కిందకి దూరుతుంది. సామ్రాజ్యం పెరట్లో నీళ్ల డ్రమ్ము వెనక నక్కి కూచుంటే వెతకడానికి రాదు. ఆవిడ అలా చాలాసేపు కూచుని, మోకాళ్లు పట్టుకుని లేచి లోపలికొచ్చేది. నాకు కోపం వచ్చేది. ఎవరి మీదో తెలియక ఫ్యాన్లు కొనడానికి వచ్చినవాళ్ల మీద చూపించేవాణ్ని.

ఒక సాయంత్రం, కాలవ ఐదో తూము దగ్గర మలుపు తిరుగుతుండగా, బొబ్బట్టు కూడా తిరిగింది. లేచి, కవి గారికి వీపు పెట్టి, గోడవైపు మొహం పెట్టుకుని పడుకుంది. ఆయన పద్యం మధ్యలో ఆగిపోయారు. మనుషులు చేస్తే అలవాటే. ఇది కూడా అలా చేస్తుందని ఆయన అనుకోలేదు. కాగితాలు సర్దుకుని వెళ్లిపోయారు. అంత బాధపడ్డ మనిషి ఇంటికెళ్లి పడుకుంటే బాగుండేది. మునిసిపల్ ఆఫీసుకి వెళ్లారు.

మర్నాడు దైవాధీనం గారు నోటీసు పట్టుకొచ్చారు. "సదరు శునకము గృహమునందు వినోదించుట లేదని విచారణలో తేలినందున, మెరుగైన వినోదము నిమిత్తము పురపాలక శునక వినోద కేంద్రమునకు తరలించబడును." ఆ కేంద్రం పాత చేపల మార్కెట్టు షెడ్డు. పొద్దున్నుంచి రాత్రిదాకా వంతులవారీగా ప్రసంగాలు జరుగుతాయక్కడ. అక్కడి కుక్కలు మొరగడం కూడా మానేశాయని చూసొచ్చినవాళ్లు చెప్పారు.

"మళ్లీ ఎప్పుడు పంపిస్తారు?" అని అడిగింది సామ్రాజ్యం.

"వినోదించిన తర్వాతమ్మా."

ఆయన వెళ్లాక ఆవిడ బొబ్బట్టు పక్కన నేలమీద కూచుని దాని చెవులు నిమురుతూ ఏడ్చింది. పెద్దగా ఏడ్చే మనిషి కాదు. ముసలి కుక్క, అన్నం ఆవిడ కలిపి పెడితే తప్ప తినదు, ఆ షెడ్డులో వారం బతకదు. దాన్ని తీసుకుని మా అన్నయ్య వాళ్ల ఊరు వెళ్లిపోదామన్నాను. గేటు దాటిస్తే నేరం అని నేనే మళ్లీ గుర్తు చేసుకున్నాను. సామ్రాజ్యం కళ్లు తుడుచుకుని, "చైర్మన్ గారినే అడుగుదాం పద" అంది.

తరలింపు మీద అభ్యంతరాలు వినడానికి కౌన్సిల్ హాల్లో విచారణ పెట్టారు. చైర్మన్ గారు పైన, పక్కన దైవాధీనం గారు, ఎదురుగా ఫిర్యాదీ కుర్చీలో హరనాథ కవి గారు. సామ్రాజ్యం, విచారణకని ప్రత్యేక అనుమతి తీసుకుని, బొబ్బట్టుని గొలుసుతో తెచ్చి నిలబడింది. నేను ఆవిడ వెనక నిలబడ్డాను.

"చూడమ్మా" అన్నారు చైర్మన్ గారు, "శ్రోత అంటే సామాన్యమైన విషయం కాదు. వక్తలు లక్షమంది పుడతారు, శ్రోత ఒకడు పుడతాడు. మీ బొబ్బట్టు కేవలం మీ ఇంటి కుక్క కాదిప్పుడు. ఈ సంఘానికి సేవలందిస్తున్న శునకం."

"అంటే ఉద్యోగం లాంటిదే గదా బాబూ?"

"లాంటిదేంటమ్మా, ఉద్యోగమే. మెళ్లో బిల్ల చూడు."

"మరైతే రిటైర్మెంటు ఉండాలిగా."

దైవాధీనం గారు వంచిన తల ఎత్తారు. మునిసిపాలిటీలో చేరిన దగ్గర్నుంచి ఆయనకి సర్వీసు రూల్సు మీద ఉన్న ప్రేమ ఇంకదేనిమీదా లేదు. "ఉండవలెను" అన్నారు నెమ్మదిగా. "ఉద్యోగము ఉన్నచోట విరమణ ఉండవలెను."

"దీనికి పదకొండేళ్లు దాటినయ్. మన లెక్కలో అరవై ఎప్పుడో దాటేసినట్టేనని పశువుల డాక్టరు గారు చెప్పారు. మోకాళ్ల నొప్పులు. ఒక చెవి అసలు వినపడదు. అందుకే తల అట్టా వంచుద్ది, పనిచేసే చెవి ఇటు పెట్టుకోడానికి."

హరనాథ కవి గారి మొహం చూడలేకపోయాను. "అయితే అమ్మా, నా కావ్యం వినలేదా?" అన్నారు.

"అయ్యో, ఎందుకు వినలేదండీ" అంది సామ్రాజ్యం. "సగం విన్నది."

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. ఇంతవరకు ఎవరూ సగం కూడా వినలేదు కదా అని తోచినట్టుంది, కొంచెం తేరుకున్నారు.

దైవాధీనం గారు అప్పటికే లేచి నిలబడ్డారు. "అనారోగ్య కారణమున విరమణ మంజూరు చేయవచ్చునండీ. కాని శ్రోత పోస్టు ఖాళీగా ఉంచుట కుదరదు. ఉంచినచో పోస్టే రద్దగును. ఇటువంటి సందర్భమున విరమించిన ఉద్యోగి కుటుంబములో ఒకరికి కారుణ్య నియామకము ఇచ్చుట ఆనవాయితీ." సామ్రాజ్యం వైపు తిరిగారు. "ఈ శునకము కుటుంబములో అర్హులెవరైనా ఉన్నారామ్మా?"

సామ్రాజ్యం వెనక్కి తిరిగి నన్ను చూసింది. పెళ్లిచూపుల్లో కూడా ఆవిడ నన్ను అంత పరీక్షగా చూడలేదు.

"మా ఆయనున్నారు" అంది.

"షాపు..." అన్నాను.

"షాపు నేను చూసుకుంటాలే."

చైర్మన్ గారు నన్ను పైనుంచి కిందకి చూశారు. "మనిషి మనిషే కదమ్మా. మధ్యలో లేచి వెళ్లే అలవాటు ఉంటుందేమో."

"మాకు పెళ్లై ఇరవై ఆరేళ్లయింది బాబూ. నేను చెప్పేది మధ్యలో వదిలి ఈయన లేచెళ్లింది లేదు. ఎవుర్నడిగినా చెబుతారు."

"అడ్డు మాట్లాడతాడా?"

"ఎక్కడ మాట్లాడనిచ్చానండీ."

చైర్మన్ గారి మొహంలో నామీద మొదటిసారి గౌరవం కనిపించింది. నేను బొబ్బట్టుని చూశాను. కొత్త హాలు, ఎత్తు కుర్చీలు, మైకు చూసి అది సామ్రాజ్యం కాళ్ల మధ్య దూరి వణుకుతోంది. వేరే దారి ఉంటే అప్పుడే చెప్పేవాణ్ని. "నాకు సమ్మతమే" అన్నాను.

నిర్బంధం సంగతి దైవాధీనం గారే తేల్చారు. గొలుసు పోస్టుకు సంబంధించినదా, జాతికి సంబంధించినదా అని చైర్మన్ గారికి సందేహం వచ్చింది. "పోస్టుకేనండీ" అన్నారు దైవాధీనం గారు. "కనుక శ్రీ పానకాలరావు గారు విధి నిర్వహణలో కట్టబడి ఉండవలెను. విరమించిన ఉద్యోగిని కట్టివేయుటకు మాత్రము మనకు అధికారము లేదు. ఆమె ఊరిలో యథేచ్ఛగా తిరుగవచ్చును." అప్పటికప్పుడు బొబ్బట్టు మెళ్లో బిల్ల తీసి నాకు ఇచ్చారు. మనిషిని కదా అని జేబుకి పెట్టుకోనిచ్చారు. బొబ్బట్టుకి ఇంకో శాలువా కప్పి, ఇంతకాలం సంఘానికి చేసిన సేవల గురించి చైర్మన్ గారు క్లుప్తంగా మాట్లాడారు. క్లుప్తంగా అంటే మేం బయటపడేసరికి దీపాలు వెలిగించారు.

నేను ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కావస్తోంది. టౌన్ హాల్లో ముందు వరసలో నాకు కుర్చీ ఉంది. నడుముకి మెత్తటి నైలాను పట్టీ వేసి కుర్చీ కాలికి కడతారు. కట్టే బంట్రోతు మంచివాడు, ఒక గుండీ వదులుగా పెడతాడు. నన్ను చూసి మునిసిపాలిటీవాళ్లకి కొత్త దారి దొరికింది. కుక్క కంటే మనిషి మేలని, ఊళ కూడా పెట్టడని గ్రహించారు. చేపల మార్కెట్టు షెడ్డు ఖాళీ చేసి కుక్కల్ని ఇళ్లకి పంపించేశారు. వాటి పోస్టుల్లో అన్నిట్లోనూ ఇప్పుడు కారుణ్య నియామకాలే. నా పక్క కుర్చీలో వకీలు గారు ఉంటారు. వాళ్లావిడే ఆయన తరఫున దరఖాస్తు పెట్టిందట.

నిన్న సాయంత్రం హరనాథ కవి గారు పదకొండో తూములో ఉన్నారు. ఇంకొక్క తూము దాటితే సముద్రం. హాలు కిటికీలోంచి కాలవ గట్టు కనిపిస్తుంది. షాపు కట్టేసి సామ్రాజ్యం గట్టుమీద వస్తోంది. బొబ్బట్టు ఆవిడ ముందు, గొలుసు లేకుండా, మోకాళ్ల నొప్పులున్న నడకతోనే నడుస్తోంది. ఉన్నట్టుండి నీళ్ల దగ్గర కొంగ కనిపించింది. బొబ్బట్టు పరిగెత్తింది. నేను దాన్ని అలా పరిగెత్తగా చూసి ఎన్నాళ్లయిందో. కొంగ లేచిపోయింది, ఇది జారి కాలవలో పడింది, పైకొచ్చి విదిలించుకుని సామ్రాజ్యం చీరంతా తడిపేసింది. ఆవిడ గట్టుమీద కూలబడి పెద్దగా నవ్వుతోంది. నాకు తెలియకుండానే నేను చప్పట్లు కొట్టేశాను.

కవి గారు ఆగిపోయారు. హాల్లో చప్పట్లు ఆయన ఎప్పుడూ వినలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, కాగితాలన్నీ తిరగేసి మొదటి పేజీ పైకి తెచ్చారు.

"వన్స్ మోర్ అని ఒక్క మనిషి అడిగినా చాలు పానకాలరావు గారూ, కాదనలేను" అని, లాకుల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టారు.